లింగవ్వ దించని గిన్నెలు

ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే బస్తీ మొత్తం అదిరినా లింగవ్వ ఇంట్లో మాత్రం చెంచా కూడా కింద పడదని గోదావరిఖని చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఎందుకు పడదు అంటే ఎవరి కథ వారిది. ఆమె అత్త కన్నుమూసే ముందు చెవిలో ఒక మంత్రం ఊదిపోయిందని కొందరు. ఇంటి కింద పుట్ట ఉందని, అందులోని పాము పడగతో నేలను అదిమి పట్టుకుంటుందని కొందరు. ఆమె భర్త రాయమల్లు బొగ్గుబాయిలో పనిచేసిన రోజుల్లో భూదేవికి కల్లు ధారపోసి మాట తీసుకున్నాడని ఇంకొందరు. జైపాల్ అనే ఆటో డ్రైవరైతే ఆమె గడప దగ్గరి మట్టి చిటికెడు తీసి, గుడ్డపేలికలో కట్టి, తన షేర్ ఆటోలో దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు. ఆ తర్వాత వారానికే అతని ఆటో బస్టాండ్ మలుపులో బోల్తా పడింది.

"గా మట్టి లేకుంటె ఇంకెంత అయితుండెనో!" అన్నాడు జైపాల్, మోచేతికి కట్టు కట్టించుకుని దవాఖాన మెట్లు దిగుతూ.

అప్పటినుంచి మట్టి మీద నమ్మకం ఇంకా పెరిగింది.

రాజకుమారి ఈ మాటను బస్తీకి కాపురానికి వచ్చిన రోజే విన్నది. ఆమె భర్త ఉపేందర్ ఓపెన్‌కాస్టులో మట్టి తీసే ఒక కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ నడుపుతాడు. వాళ్లు అద్దెకు తీసుకున్న గది లింగవ్వ ఇంటిని ఆనుకునే ఉంది. రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. రాజకుమారి ఎవరైనా పలకరిస్తే నవ్వి ఊరుకునే మనిషి. పది మాటలు విని ఒకటి మాట్లాడుతుంది, అది కూడా అవతలివాళ్లు వెళ్లిపోతుండగా.

ఆ మొదటిరోజు సామాను సర్దుకుంటుండగా సైరన్ మోగింది. చూస్తుండగానే ఆడవాళ్లంతా బిందెలూ గంజులూ ఎత్తుకుని ఇళ్లలోంచి ఉరికి వచ్చారు. నీళ్ల ట్యాంకర్ వచ్చిందనుకుని రాజకుమారి కూడా ఖాళీ బిందె పట్టుకుని బయటికి వచ్చింది. లైన్ ఎక్కడ మొదలవుతుందా అని అటూ ఇటూ చూసింది.

"నీల్లు గావు పిల్లా, బ్లాస్టింగు!" అని నవ్వింది ఎదురింటామె. "అర మీద బోళ్లన్ని దించినవా లేదా? దించి ఈడ కూసో."

కూర్చునేలోపే కాళ్ల కింద నేల ఉలిక్కిపడింది. ఇంటి కప్పుల రేకులు గలగలమన్నాయి. కుక్కలు మొరిగాయి, పిల్లలు కావాలని కేకలు పెట్టారు, ఎక్కడో ఒక బైకు తనంతట తనే కూయడం మొదలుపెట్టింది. దుమ్ము మెల్లగా వచ్చి అందరి నెత్తిన వాలింది. ఆడవాళ్లు కొంగుతో గిన్నెలు తుడుచుకుని, చెప్పుకుంటున్న ముచ్చటను ఆగిన చోటినుంచి మళ్లీ అందుకున్నారు.

ఈ దించుకోవడం మొదట భయంతోనే మొదలైంది. రోజూ వచ్చే భయం కొన్నాళ్లకు అలవాటైంది, ఆ అలవాటుకు మెల్లగా సోకులు వచ్చాయి. ఎలాగూ నలుగురిలోకి వచ్చే గిన్నెలే కదా అని వాటిని చింతపండు వేసి తోమసాగారు. కొత్త కుక్కర్ కొన్న ఇల్లాలు వారంపాటు దాన్నే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఎవరూ అడగకపోతే మూత తీసి విజిల్ చూపించింది. అడుగు మాడిన గంజులు మాత్రం లోపలే నేలమీద బోర్లా పడుకునేవి. ఇత్తడి లేని ఒకామె పక్కింటినుంచి చెంబు అడిగి తెచ్చుకుని మరీ దాన్ని పడకుండా కాపాడేది. పెళ్లి సంబంధాలు ఆ కాసేపట్లోనే కుదిరేవి, కోడళ్ల మీద తీర్పులు అక్కడే వచ్చేవి. బ్లాస్టింగ్ లేని రోజు బస్తీకి ఏమీ తోచేది కాదు. మనిషి ఒంటరిగా ఉంటే భయానికి పారిపోతాడు. పక్కన నలుగురుంటే ఆ భయం ముందే పీట వేసుకుని కూర్చుంటాడు.

లింగవ్వ మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఆమె పొద్దున్నే బొగ్గుబాయి దగ్గర సైకిల్ స్టాండు పక్కన సర్వపిండి, చాయ్ అమ్ముకుని, మొదటి షిఫ్టువాళ్లు లోపలికి పోయాక ఇంటికి వచ్చేస్తుంది. షేర్ ఆటోలో ముందు సీటు మొగవాళ్లదని ఎవరో అంటే, "సీటుకేమన్న మీసాలున్నయా?" అని ఎక్కి కూర్చున్న మనిషి. మధ్యాహ్నం సైరన్ మోగితే తలుపు దగ్గరికి వేసుకుని మంచం మీద నడుం వాల్చేది. గిన్నెలు మాత్రం అర మీదే ఉండేవి. బ్లాస్టింగ్ అయ్యాక ఎవరైనా తొంగి చూస్తే, ఇత్తడి బిందె మొదలు పసుపు డబ్బా దాకా అన్నీ అర మీద వరసగా కనిపించేవి.

"రాణిగారికి బోళ్లు దించుడంటె నామోషి," అని మొదట్లో మూతులు తిప్పారు. రోజూ చూసి చూసి, ఇందులో ఏదో ఉందన్నారు. మంత్రం అప్పుడు పుట్టింది.

"మంత్రం లేదు, మన్ను లేదు," అని లింగవ్వ కసిరేది. మంత్రం తెలిసినవాళ్లు ఒప్పుకోరు కదా అని అందరూ తలలూపేవారు.

ఒకరోజు రాజకుమారి ధైర్యం చేసి అడిగింది. "అందరు దించుకుంటరు గదా అవ్వా, నువ్వెందుకు దించవు?"

లింగవ్వ బియ్యం చెరుగుతున్నది. చెరగడం ఆపలేదు.

"మా పాత ఊరు యాడున్నదో ఎరుకేనా బిడ్డా? గా మట్టి గుట్ట అవుతల, లోతు బొంద ఉన్నది సూడు, గదే. గాడ గూడ మొదలు బోళ్లే దించినం. దించుతున్నరు, ఏమంటలేరని, తర్వాత గూనపెంకలు దించుకొమ్మన్నరు. గటెన్క దూలాలు. గటెన్క మమ్ములనే ఊరు దిగుమన్నరు. మందు పేల్చెటోడు వాడు. నేనెందుకు దించాలె? వాడు పేల్చుడు తగ్గియ్యాలె గని."

 రాజకుమారి ఇంటికి వెళ్లి మధ్య గోడను చూసింది.

ఆమె కూతురు హర్షిణి పుట్టినప్పుడు ఆ గోడలో పగులు వెంట్రుక మందాన ఉండేది. పిల్ల పాకడం నేర్చే సరికి అందులో వేలు పట్టింది. గది చిన్నది, ఊయల ఆ గోడ పక్కనే కట్టుకున్నారు. మట్టి రాలి పిల్ల పక్కబట్టల మీద పడుతుంటే రాజకుమారి దులుపుతూ ఉండేది. ఇంటి ఓనరును అడిగితే బ్లాస్టింగ్ చేసేవాళ్లను అడగమన్నాడు. కాంట్రాక్టరు మనుషులను అడిగితే గోడ కట్టినవాణ్ని అడగమన్నారు. ఉపేందర్ ఎవర్నీ అడగవద్దన్నాడు. "మన పేరు బయటికచ్చిందంటె రేపటిసంది టిప్పరు తాళం నాకియ్యరు," అన్నాడు.

బస్తీలో పగిలిన గోడ ఆ ఒక్కటే కాదు. రిటైరైన కార్మికుడు బుచ్చన్న పదిమందిని వెంటేసుకుని పెద్దపల్లి వెళ్లి, గోడలు పగులుతున్నాయని, గిన్నెలు పడుతున్నాయని అర్జీ ఇచ్చాడు. తనిఖీకి ఒక సారు వస్తాడన్నారు. అంతా సంబరపడుతుండగా కాంట్రాక్టరు తరఫువాళ్లు సారుకు చెప్పిన మాట బస్తీకి చేరింది. "సార్, అదే బస్తీల లింగవ్వ అనే ఆమె ఇంట్ల చెంచా గూడ పడదంట. ఊరంత చెప్పుకుంటది, అడుగుండ్రి. మందు ఒకటే, నేల ఒకటే. ఆమె ఇంట్ల పడనియి వీల్ల ఇండ్లల్ల ఎట్ల పడ్తయి? గోడలు సక్కగ కట్టుకోక మా మీద చెప్తున్నరు."

సారు కూడా న్యాయంగానే ఆలోచించి, ముందుగా లింగవ్వ ఇంటికే వస్తానన్నాడు.

ఆ సాయంత్రం బస్తీ అంతా ఆమె వాకిట్లో కూర్చుంది.

"వదినె, నీ కాల్మొక్త," అన్నాడు బుచ్చన్న. "రేపొక్క రోజు గా మంత్రం తీసెయ్యి. సారు పోయినంక మల్ల ఏసుకో."

"లేని మంత్రం ఎట్ల తియ్యాల్నే బుచ్చన్నా?"

"సరే, లేదనుకో. మరి ఉత్త చేతులతోని సారు ముందట నిలబడుదమా? నీ బిందెకు దారం కడ్త. నేను వెనుక కిటికి కాడ ఉంట. మందు పేలంగనే గుంజుత."

"నా బిందెను దొంగ సాక్ష్యానికి పిలుస్తవా?" లింగవ్వ చీపురు అందుకుంది. "దారం పట్టుకోని నా కిటికి కాడ కనబడినవనుకో, నీ లుంగికే కట్టి గుంజుత. పో!"

అందరూ లేచిపోయారు. పోతూ పోతూ ఆమెను తిట్టుకున్నారు. బస్తీ పని చెడేది లింగవ్వ వల్లేనని తేల్చేశారు.

మరునాడు ఉదయం ఉపేందర్ నైట్ షిఫ్టు దిగివచ్చి అన్నం తింటూ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. "ఇయ్యాల మీ సారు ముందట ఏం పడయి. గనిల తవ్విన బోర్లల్ల మందు అంత నింపిండ్రు గని, జీపు ఉన్నంతసేపు సగమే కొడ్తరట. నింపిన మందు రాత్రికి ఉంచొద్దు గదా, జీపు పోంగనే తక్కింది కొడ్తరు." అంతలోనే నాలుక కరుచుకున్నాడు. "నువ్వు విన్లేదు, నేను చెప్పలేదు."

మధ్యాహ్నం జీపు వచ్చింది. సారు పేరు త్రివిక్రమ్, మంథనివాళ్ల అబ్బాయి, వయసు చిన్నది. తెల్ల చొక్కా వేసుకున్నాడు. బస్తీలో ఒక్కో ఇంట్లోకీ తొంగి చూశాడు. అరలన్నీ ఖాళీ. గిన్నెలన్నీ వాకిట్లో ఆడవాళ్ల ఒళ్లల్లో, ఆ రోజు మరింత మెరుస్తూ ఉన్నాయి.

"ఇవన్నీ బయటే ఉంటే, ఏం పడుతున్నాయని రాశారు అర్జీలో?" అని అడిగాడు.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లలో అది ఎవరికీ తట్టలేదు.

త్రివిక్రమ్ లింగవ్వ ఇంట్లోకి వెళ్లి, అదురును కొలిచే డబ్బాను నేలమీద పెట్టించి, అర కింద పీట మీద కూర్చున్నాడు. లింగవ్వ మంచం మీద కూర్చుంది. హర్షిణిని చంకనేసుకుని రాజకుమారి గుమ్మం దగ్గర నిలబడింది. సైరన్ మోగింది. దూరంగా ఎవరో దిండును కొట్టినట్టు ఒక చప్పుడు. అర మీద గ్లాసులు ఒకదానికొకటి తగిలి ఊరుకున్నాయి.

ఏదీ పడలేదు.

"చూశారు కదమ్మా," అన్నాడు త్రివిక్రమ్, డబ్బా వైపు వంగి చూసి. "దీనికి గోడలు పగలవు."

"ఇయ్యాల మందు తక్కువ పెట్టిండ్రు సారూ," అని బుచ్చన్న వాకిట్లోంచి అరిచాడు.

"ఎలా తెలుసు పెద్దాయనా?"

"కాల్లకు తెల్వదా సారూ!"

"మీ కాళ్లకు తెలిసింది నేను పైవాళ్లకు చెప్పలేను కదా." అతని గొంతులో వెటకారం లేదు. అదే అందరినీ కుంగదీసింది. ఆడవాళ్లు లేచి, గిన్నెలు లోపల సర్దుకోవడానికి వెళ్లిపోయారు. డ్రైవరు డబ్బాను తీసుకెళ్లి జీపులో పెట్టాడు.

రాజకుమారి మట్టి గుట్ట వైపు చూసింది. అక్కడ బ్లాస్టింగ్ అయ్యేదాకా ఎర్రజెండా పట్టుకుని నిలబడే మనిషి ఇంకా దిగిపోలేదు. జెండా చుట్టలేదు. అతను గని వైపు కాదు, బస్తీ వైపు, జీపు వైపు చూస్తున్నాడు. చంకలో పిల్ల ఆమె గొలుసు పట్టుకుని లాగుతున్నది. ఉపేందర్ చేతిలోని టిప్పర్ తాళం ఆమెకు గుర్తొచ్చింది. గోడలో వేలు పట్టే పగులూ గుర్తొచ్చింది. ఆమె లోపలికి నడిచి, నీళ్లు అడుగుతున్నట్టు వంగి, లింగవ్వ చెవిలో చెప్పింది.

"అవ్వా, సగం మందు ఇంక బోర్లల్లనే ఉన్నది. జీపు పోయెదాంక ఆగుతున్నరు."

లింగవ్వ ఆమె వైపు తలతిప్పి కూడా చూడలేదు. మంచం దిగి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సారూ, మా ఇంటికచ్చి చాయ్ తాగకుంట పోతవా? కూసో. నీ డ్రైవరు మొకం సూడు, ఎండకు ఎట్ల వాడిందో. పొద్దటిసంది ఏమన్న తిన్నడా? రోడ్డు మీద మంచి హోటలున్నది, జీపేసుకోని పోయి తినిరమ్మను. అప్పటిదాంక చాయ్ అయితది."

త్రివిక్రమ్ మొహమాటపడ్డాడు. డ్రైవరు అసలు పడలేదు. జీపు దుమ్ము లేపుకుంటూ మెయిన్ రోడ్డు వైపు వెళ్లిపోయింది. లింగవ్వ స్టవ్ వెలిగించి గిన్నెడు నీళ్లు పెట్టింది, మంట సన్నగా ఉంచింది. టీపొడి డబ్బా కోసం అది ఎదురుగా ఉన్నా ఇల్లంతా వెతికింది.

నీళ్లు కాగకముందే సైరన్ మళ్లీ మోగింది.

బస్తీలో కాళ్లూ చేతులూ వాటంతట అవే కదిలాయి. అప్పుడే సర్దిన గిన్నెలు మళ్లీ అరల మీదినుంచి దిగబోయాయి. లింగవ్వ గుమ్మంలోకి వచ్చి గొంతెత్తింది.

"ఎవ్వలు దించొద్దు! ఒక్క చెంచ గూడ దించొద్దు! ఉత్త చేతులతోని బయటికి రాండ్రి!"

ఎదురింటామె బిందె అంచు మీద చేయి వేసి ఆగిపోయింది. తర్వాత చేయి తీసేసింది. ఒకరి తర్వాత ఒకరు బయటికి వచ్చి నిలబడ్డారు. ఒళ్లో ఏమీ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు కొంగులు పట్టుకున్నారు. కొత్త కుక్కర్ ఇల్లాలు మాత్రం, "అది కొత్తదే అక్కా!" అని బతిమాలింది.

"కొత్తదైతే ఇంక మంచిగ సప్పుడైతది, బయటికి నడువు!" అన్నాడు బుచ్చన్న.

రాజకుమారి తన ఇంట్లోని గిన్నెల జోలికే పోలేదు. పిల్లను గుండెకు అదుముకుని వాకిలి మధ్యలో నిలబడింది.

"రెండోసారి సైరన్ ఏమిటమ్మా?" అని త్రివిక్రమ్ పీట మీదినుంచి లేవబోయాడు.

నేల ఎగిరింది. బస్తీ మొత్తం మీద ఇత్తడి, స్టీలు, అల్యూమినియం ఒక్కసారిగా కింద పడ్డాయి. ఇంటింటా అంత చప్పుడు ఆ బస్తీ ఎన్నడూ వినలేదు. తాంబాలాలు గడపలు దాటి దొర్లుకుంటూ వచ్చాయి. కుక్కర్ విజిల్ దాని దారిన అది పోయింది. లింగవ్వ ఇంట్లో ఇత్తడి బిందె త్రివిక్రమ్ మోకాలి పక్కన పడి గిర్రున తిరిగింది. వెనకే పసుపు డబ్బా మూత ఊడి అతని నెత్తిన బోర్లపడింది.

దుమ్ము తగ్గాక సారు బయటికి వచ్చాడు. తల, చొక్కా, కనుబొమలు అంతా పసుపు. 

"అయ్యో, సారును పెండ్లికొడుకును చేసింది లింగవ్వ!" అన్నారెవరో. బస్తీ పడీపడీ నవ్వింది. త్రివిక్రమ్ కూడా నవ్వాడు. నవ్వి, మళ్లీ లోపలికి వెళ్లి మధ్య గోడ పగులులో వేలు పెట్టి చూశాడు. వేలికంటిన మట్టిని చూసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"పైవాళ్లకు మా పేర్లు చెప్పేదుందా సారూ?" అని అడిగింది లింగవ్వ.

"నా నెత్తి మీద పడిందమ్మా. నా పేరు చాలు."

ఆ రాత్రి డ్యూటీకి పోయే ముందు ఉపేందర్ చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "జీపు ముచ్చట సారుకు ఎవలో చేరేసిండ్రట."

"నేనే చెప్పిన," అంది రాజకుమారి. మామూలుగా ఆమె గొంతు పక్క గదికి వినపడదు. ఆ మాట వాకిట్లోకి వినపడింది. ఉపేందర్ కాసేపు ఆమెను, కాసేపు గోడను చూశాడు. ఊయల తాడు విప్పి, రెండో వైపు దూలానికి కట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. మర్నాడు టిప్పరు తాళం అతని చేతిలోనే ఉంది.

త్రివిక్రమ్ మళ్లీ వచ్చాడు. ఈసారి చెప్పకుండా, జైపాల్ షేర్ ఆటోలో, డబ్బాను బియ్యం సంచిలో పెట్టుకుని వచ్చాడు. అలా ఇంకోసారి కూడా వచ్చాడు. ఆ తర్వాత కాంట్రాక్టరు మందు తగ్గించాల్సి వచ్చింది, పగిలిన గోడలకు ఇటుకా సిమెంటూ తేవాల్సి వచ్చింది. బస్తీలో అందరూ సంతోషించారు. కుక్కర్ ఇల్లాలు మాత్రం కొత్త విజిల్ ఎవరు కొనిస్తారని ఇప్పటికీ అడుగుతున్నది.

ఇక పుకారు. అది చావలేదు సరికదా, బలిసింది. లింగవ్వ ఆ రోజు గుమ్మంలో నిలబడి చేయెత్తి మంత్రాన్ని వెనక్కి తీసుకుందని, అందుకే మొట్టమొదటిసారి ఆమె ఇంట్లో గిన్నెలు పడ్డాయని, సారు పోయాక మళ్లీ వేసుకుందని చెప్పుకుంటున్నారు. జైపాల్ మరో చిటికెడు మట్టి తీసుకుపోయాడు.

ఆ మధ్యాహ్నం సారు వెళ్లాక, పడిన గిన్నెలను అర మీద పెట్టడానికి సాయం చేసింది రాజకుమారి ఒక్కతే. బిందెను అందిస్తూ చేతిలోనే తిప్పి చూసింది. చెంబును చూసింది, సర్వను చూసింది. ప్రతిదాని మీదా ఒక సొట్ట కొత్తగా మెరుస్తున్నది. దాని చుట్టూ ఉన్న సొట్టలన్నీ నల్లబడి ఉన్నాయి.

"అవ్వా, ఇవి ఇయ్యాల పడ్డయి గావు."

"రోజు పడ్తయి బిడ్డా. రోజు లేచి పెడ్త."

"మరి ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పలేదేందే?"

"ఎవలు అడిగిండ్రు? మంత్రమేందని అడిగిండ్రు, మన్ను తీస్కపోయిండ్రు. పడ్తయా అవ్వా అని ఒక్కలన్న అడిగిండ్రా?" లింగవ్వ బిందెను అందుకుని, సొట్టలున్న వైపు గోడకు తిప్పి, అర మీద పెట్టింది.

లింగవ్వ అర మీద సొట్ట లేని గిన్నె ఒక్కటి కూడా లేదు.